కారణం: వెనుక బ్రేకు

గుమాస్తాను ఇరవై రెండేళ్ళుగా ఒక సందేహం పట్టుకుని ఉంది. దేవుడికి దండం పెట్టుకుని బండి ఎక్కినవాళ్ళూ, పెట్టుకోకుండా ఎక్కినవాళ్ళూ తన బల్ల ముందుకు ఇంచుమించు సమానంగానే ఎందుకు వస్తున్నారు? ఆయన ఉద్యోగం పెద్దాసుపత్రి మార్చురీలో. వచ్చిన ప్రతి మనిషికీ ఒక చీటీ రాసి, తెల్లదారంతో కాలి బొటనవేలికి కట్టి, అదే వివరం పుస్తకంలోకి ఎక్కించాలి. జేబుల్లో దొరికినవి కూడా రాసుకోవాలి. దేవుడి బొమ్మలున్న తాళంచెవులు ఆయన ఎన్నో రాసుకున్నాడు. బ్రేకు బాగు చేయించాలని గుర్తుకోసం రాసుకున్న కాగితం మాత్రం ఒక్క జేబులోనూ దొరకలేదు. భక్తిగల మనిషి కాబట్టి ఈ సందేహాన్ని ఎవరితోనూ అనలేదు. అలాగని మోటారుసైకిలూ ఎక్కలేదు.

యాభై ఒకటో ఏట ఎక్కక తప్పలేదు. భార్యకు మూత్రపిండాలు చెడిపోయి ఏడాదిన్నర అయింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఊరికి ఆ చివరనున్న కేంద్రంలో పొద్దున తొమ్మిదింటికి ఆవిడకు మంచం ఇస్తారు. పదిహేను నిమిషాలు దాటితే ఆ మంచం వరసలో కాచుకున్న మరొకరికి పోతుంది. వీళ్ళ ఇల్లు గుట్టమీద. ఆటోలు పైకి రావు. వచ్చే ఒక్క బస్సునూ పోయిన నెల తీసేశారు. ఇన్నాళ్ళూ ఆవిడ తమ్ముడు దిగబెట్టేవాడు గానీ ఈ వారం నుంచి అతనికి ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు పడింది. దాంతో మొన్నటి విడత తప్పిపోయింది. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడక ఆవిడ కూర్చునే తెల్లవార్చింది. "ఈసారి కూడా తప్పితే ఇక ఐసీయూలో కలుద్దాం" అని డాక్టరు ఫోనులో చాలా మర్యాదగా చెప్పాడు.

బండి ఆవిడదే, ఆవిడ కొన్నవాటిలో రెండోది. జబ్బు పడకముందు పద్నాలుగేళ్ళు ఊరంతా తిరిగి పార్సిళ్ళు పంచింది. నేర్చుకునేవాడి వెనుక లైసెన్సున్న మనిషి తప్ప ఇంకెవరూ కూర్చోకూడదని నియమం. ఆవిడకు లైసెన్సుంది, ఆయనకు నేర్చుకునేవాళ్ళ కాగితం ఉంది. కాబట్టి రోగిని తీసుకెళ్ళేవాడు శిష్యుడు, వెనుక కూర్చునే రోగి గురువు. ఆరు వారాలుగా ఖాళీ మైదానంలో పాఠాలు నడిచాయి.

"మలుపులో బండి ఎటు వాలితే నేనూ అటే వాలుతాను. వెనక మనిషి ఉందని భయపడకండి" అనేది ఆవిడ. "బ్రేకు వేసేటప్పుడు మాత్రం ఉందని మర్చిపోకండి. ఇద్దరి బరువు ఉంటే బండి ఒకరి మాట వినదు. ముందునుంచే నొక్కుతూ రావాలి."

"మూడో గేరు పడటం లేదే."

"గేరు పడుతుంది. మీ కాలే పడటం లేదు."

ఆ రోజు పథకం తేలికైనదే. ఆరున్నరకు బండి తనిఖీ, ఎనిమిదికి బయల్దేరడం, ఎనిమిదీ నలభైకి కేంద్రం. ఆయన ఆఫీసుకు సెలవు చీటీ పంపాడు. దేవుడి పటానికి దండం పెట్టి, ఫోను ఇంట్లోనే వదిలేసి బయటికి వచ్చాడు. బండి దగ్గర ఫోను ముట్టకూడదన్నది గురువుగారి మొదటి పాఠం. చక్రాలు, బ్రేకులు, దీపాలు, చైను, నూనె, అద్దాలు, ఈ ఆరూ రోజూ చూడాలన్నది రెండోది. చక్రాలు బాగున్నాయి. ఇద్దరికి సరిపడా గాలి ఉంది. వెనుక బ్రేకు మీద కాలు వేశాడు. పెడలు అడ్డం లేకుండా నేలదాకా దిగిపోయింది. వంగి చూస్తే బ్రేకు కడ్డీ చివర నట్టు లేదు.

ఇరవై రెండేళ్ళ అలవాటు అప్పుడు తన పని తాను చేసుకుపోయింది. పనికిరానిదని తేలిన వస్తువును వివరం రాయకుండా వదిలేయడం ఆయనకు చేతకాదు. చొక్కాజేబులో ఎప్పుడూ ఉండే చీటీల కట్టలోంచి ఒకటి తీశాడు. పేరు అన్న చోట తన పేరు రాశాడు, బండి తెచ్చింది ఎవరో తెలియాలి కదా. వయసు దగ్గర కాస్త ఆగి, బండి కొన్న ఏడు లెక్కేసి పదకొండు అని వేశాడు. సమయం ఆరూ నలభై. కారణం, వెనుక బ్రేకు పనిచేయలేదు. అప్పగించవలసినది, భార్యకు. హ్యాండిలుకు తెల్లదారంతో రెండు ముడులు వేసి, బ్రేకు లేని బండిని ఎక్కడం పాపమని ముందు బ్రేకు పట్టుకుంటూ గుట్ట కిందికి నడిపించుకుపోయాడు.

మెకానిక్ షాపు మూసి ఉంది. గోడవారగా, కాలవ పక్కన స్టాండు వేసి, హెల్మెట్ సీటుమీద పెట్టి, మెకానిక్‌ను ఇంటినుంచే లేపి తెద్దామని నడిచాడు. ఆ వీధి ఏటవాలుగా ఉంటుంది. ఆయన మలుపు తిరిగాడో లేదో స్టాండు మెల్లగా మడుచుకుంది. బండి కాలవలోకి ఒరిగి అద్దం పగిలింది. హెల్మెట్ దొర్లి నడిరోడ్డు మీద ఆగింది. ఇంజను నూనె నల్లగా కారి మడుగు కట్టింది.

ఏడుంపావుకు పాలకోసం దిగిన ఎదురింటి దర్జీ దాన్ని చూశాడు. ఆయనకూ గుమాస్తాకూ మాటల్లేక చాలా ఏళ్ళయింది. చూసీ చూడనట్టు పోదామనుకున్నాడు గానీ, హ్యాండిలుకు వేలాడుతున్న చీటీ కనబడింది. అలాంటి చీటీని ఒకసారి చూసినవాడు ఇక మర్చిపోడు. వంగి చదివాడు. చేతిలో పాలగిన్నె అక్కడే నేలమీద పెట్టేశాడు.

గుమాస్తా బావమరిది ప్యాంట్లు కుట్టేది తనే కాబట్టి నెంబరు ఉంది. ఫోను చేశాడు.

"బాబూ, మీ బావగారు... బండి కాలవలో ఉంది. మనిషిని తీసుకెళ్ళిపోయినట్టున్నారు. చీటీ కూడా కట్టేశారు."

"ఏం చీటీ?"

"వాళ్ళ ఆఫీసుదే. ఆరూ నలభై. వెనుక బ్రేకు. కానీ దస్తూరీ ఆయనదే."

"మా బావ అంతే" అన్నాడు బావమరిది. "ఇంకొకళ్ళు రాస్తే తప్పులు పోతాయని తనే రాసి ఉంటాడు."

"వయసు పదకొండని ఉందయ్యా."

"కళ్ళు తిరుగుతున్నప్పుడు రాశాడేమో." అతను ముక్కు చీదుకున్నాడు. "నేనొచ్చేదాకా అక్కకు చెప్పకండి. అసలే దాని బీపీ బాగాలేదు. ఒంటరిగా మాత్రం ఉండనివ్వకండి."

నమ్మకం కుదరక అతను మార్చురీకి ఫోను కొట్టాడు. సెలవు చీటీ ఇంకా పై ఆఫీసులోనే తిరుగుతున్నందువల్ల అక్కడి అటెండరుకు ఏ సంగతీ తెలియదు.

"మా బావ వచ్చాడా అండీ అక్కడికి?"

"ఇంకా లేదండి. తొమ్మిదిలోపు వచ్చేస్తారు. ఆలస్యం చేసే మనిషి కాదు."

ఇక అనుమానం లేకపోయింది. బాధ్యత తెలిసినవాడు కాబట్టి డయాలిసిస్ కేంద్రానికి కూడా ఫోను చేసి, భర్త పోయాడని, తన అక్క ఈరోజు రాదని చెప్పి, ఏడుస్తూ బస్సెక్కాడు.

ఈలోగా దర్జీ ఇద్దరు మనుషుల సాయంతో బండిని, హెల్మెట్‌ను పైకి తెచ్చి తన పెరట్లో పెట్టాడు. పోయినవాడి వస్తువు కాలవలో ఉండటం బాగుండదు. పైన తెల్లటి లైనింగు గుడ్డ కప్పాడు. తరువాత నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని గుమాస్తా ఇంటి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఏమీ చెప్పకుండా నిలబడటం కష్టమైన పని. వీధి అంతా ఒక్కొక్కరే వచ్చి ఆ పనిలో సాయం చేశారు.

గుమాస్తా భార్య ఫైలు చంకన పెట్టుకుని, హెల్మెట్ చేత్తో పట్టుకుని ప్రయాణానికి సిద్ధంగా బయటికి వచ్చింది.

"ఏంటన్నయ్యా, అందరూ ఇలా వచ్చారు?"

"ఊరికేనమ్మా. నువ్వు కూర్చో." ఏళ్ళ తరబడి ఆ గడప తొక్కని దర్జీ లోపలికి పోయి స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు. ఒకావిడ ఆమె చేతిలోని హెల్మెట్‌ను నెమ్మదిగా తీసుకుని, "ఇంకా దీనితో ఏం పనమ్మా" అని కావలించుకుంది.

ఆవిడ అందరి మొహాలూ చూసింది. ఏడాదిన్నరగా తాను ఎదురుచూస్తున్న చూపు అది. డాక్టరు తనకు చెప్పనిది భర్తకు చెప్పాడన్నమాట. ఆయన దాచుకోలేక వీధిలో చెప్పుకుని, తనకు మొహం చూపించలేక బండి వంకన పొద్దున్నే ఎటో వెళ్ళిపోయాడన్నమాట.

"మా తమ్ముడికి తెలుసా?" అంది నెమ్మదిగా.

"తెలుసమ్మా. వాడే చెప్పొద్దన్నాడు."

"ఇంకెంతసేపు అన్నాడు?"

దర్జీ గడియారం చూసుకుని, "ఇంకో అరగంట పట్టొచ్చమ్మా" అన్నాడు.

ఆవిడ వాచిన పాదాలను ఒకసారి చూసుకుంది. అరగంటంటే తక్కువే, కానీ పద్నాలుగేళ్ళు టైముకు పార్సిళ్ళు అందించిన మనిషికి అరగంటలో ఏం చేయొచ్చో తెలుసు. ఒక కాగితం, పెన్ను అడిగింది. బీరువా తాళం బియ్యం డబ్బాలో ఉంటుందని రాసింది. ఆయనకు అలవాటైన మందులు, వేసుకోవాల్సిన వేళలు రాసింది. తరువాత తల ఎత్తింది.

"అన్నయ్యా, మీకు బండి లైసెన్సుందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"ఆయన పరీక్ష ఇంకా కాలేదు. వెనకాల లైసెన్సున్న మనిషి కూర్చోకపోతే రోడ్డెక్కకూడదు. నా తర్వాత మీరు కూర్చుంటారా? మూడో గేరు దగ్గర మాత్రం కాస్త ఓపిక పట్టాలి."

చెల్లెమ్మకు మతి పోయిందనుకున్నాడు దర్జీ. మరుక్షణం ఆయన అక్కడ నిలబడలేక, మంచినీళ్ళు తెస్తానని రోడ్డు దాటాడు.

అదే సమయానికి గుమాస్తా గుట్ట ఎక్కి వస్తున్నాడు. మెకానిక్ స్నానం ముగించేసరికి ఏడున్నర దాటింది. షాపు దగ్గరికి వస్తే బండి లేదు, పగిలిన అద్దం, ఒక పాలగిన్నె మాత్రం ఉన్నాయి. దొంగ అనుకుని నాలుగు సందులు వెతికారు. ఇక లాభం లేదని ఇంటికి మళ్ళి, మలుపులో తలెత్తి చూసి, ఆయన ఆగిపోయాడు. తన ఇంటి ముందు జనం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. మగవాళ్ళు చేతులు కట్టుకుని ఉన్నారు, ఆడవాళ్ళు ఒక కుర్చీ చుట్టూ వంగి ఉన్నారు. ఇలా నిలబడే జనం ఎందుకు నిలబడతారో ఆయనకు ఉద్యోగరీత్యా తెలుసు. ఆవిడ ఆయాసం, వాచిన కాళ్ళు, తప్పిపోయిన విడత అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు వరస కట్టాయి. అందరూ ఇంటివైపు తిరిగి ఉన్నందువల్ల ఎవరి కంటా పడకుండా వచ్చి దర్జీ ఇంటి మెట్టుమీద కూలబడ్డాడు.

నీళ్ళకోసం వచ్చిన దర్జీ మెట్టుమీది మనిషిని చూసి గుమ్మం పట్టుకున్నాడు.

"ఎప్పుడు పోయింది?" అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా.

"ఆ... ఆరూ నలభైకి."

"ఆరూ నలభైకి బాగానే ఉందే. గాలి చూశారా అని లోపలినుంచి అడిగింది కూడా."

దర్జీ ఒక వేలు చాచి, కాలిన ఇస్త్రీపెట్టెను పరీక్షించినట్టు, ఆయన భుజాన్ని చటుక్కున తాకి తీసేశాడు. "గుమాస్తా గారూ, మీరు బతికే ఉన్నారా?"

"నా సంగతి ఎందుకండీ. చివర్లో ఆవిడ ఏమైనా అందా?"

"అంటోంది. ఇప్పుడు కూడా. మీకు మూడో గేరు పడటం లేదంటోంది."

గుమాస్తా తలెత్తాడు. చిక్కు విడిపోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. దర్జీకి ముందు ఏడుపు వచ్చింది, తరువాత నవ్వు, ఆ తరువాత చాలాకాలంగా లోపల నిలవ ఉన్న కోపం వచ్చింది.

"చీటీ చూడగానే నా గుండె జారింది. మా అమ్మ కాలికి కూడా ఇదే ముడి కదా మీరు వేసింది. తొమ్మిదేళ్ళయింది. ఎదురిల్లు, పది అడుగులు. ఒక్కసారి గడప తొక్కి ఇలా అయిందా అని అడగలేదు."

"ఆవిడను నేను చూశాను కదా అనుకున్నానండీ."

"నన్ను చూడలేదు కదా."

గుమాస్తాకు జవాబు వెతికేంత టైము లేదు, ఎనిమిదీ పదిహేనయింది. బావమరిదికి ఫోను చేస్తే బస్సులోంచి అతను, "ఆ మాట ముందే చెప్పకూడదూ, నేను అక్క మంచం కూడా వద్దనేశాను కదా" అని ఈసారి వేరే కారణానికి ఏడ్చాడు. కేంద్రానికి చేస్తే లైను కలవలేదు.

"వెళ్దాం" అంది భార్య. బతికున్న భర్తను పైనుంచి కిందికి ఒకసారి చూసింది, అంతే. తాను ఇవాళ పోవడం లేదని తెలిసినందుకు ఆ మొహంలో పెద్దగా వెలుగు రాలేదు. ఇంకా పనుంది అన్నట్టు మాత్రం ఉంది. "మంచం ఉంటే ఉంది, లేకపోతే అక్కడే నేలమీద కూర్చుంటాను. ముందు బండి."

తెల్లగుడ్డ తీశారు. వెనకాలే గుట్ట ఎక్కి వచ్చిన మెకానిక్ కొత్త నట్టు బిగించి, ఉన్న ఒక్క అద్దాన్ని సరిచేసి, నూనె పోసి లేచి, "అయిపోయిందక్కా, బయల్దేరండి" అన్నాడు.

"ఆరూ మళ్ళీ మొదటినుంచి చూడాలి" అంది ఆవిడ, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ.

"టైము లేదక్కా."

"పడిన బండి. కాలవలో పడిన మనిషినైతే చూడకుండా పంపిస్తావా?"

వీధి మొత్తం చూస్తుండగా గుమాస్తా వంగి ఆరూ చూశాడు. ఆవిడ ఒక్కొక్కటే అడిగింది, ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. చైను దగ్గరికి వచ్చేసరికి జనంలో ఒకాయన అసహనంగా, "చావు లేదు గానీ దినం మాత్రం అయ్యేట్టుంది" అన్నాడు. ఎనిమిదీ నలభైకి బండి కదిలింది.

గుట్ట దిగుతుంటే ఆవిడ బరువంతా ఆయన వీపుమీద ఆనింది. హెల్మెట్ల మధ్యనుంచి గొంతు సన్నగా వినిపిస్తోంది. "ముందునుంచే నొక్కండి... అలాగే... ఇప్పుడు వదలండి." రెండుసార్లు గొంతు ఆగిపోయింది. రెండోసారి మాత్రం నడుం పట్టుకున్న చేయి ఒకసారి నొక్కి, ఉన్నానని చెప్పింది. మూడో గేరు మొదటిసారి పడలేదు, రెండోసారీ పడలేదు. ఆయన రెండో గేరులోనే ఊరు దాటించాడు. కేంద్రం చేరేసరికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది.

నర్సు ఎదురుగా వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "వచ్చారా అమ్మా. ఇలాంటి రోజు కూడా వచ్చారంటే మీ ధైర్యానికి దండం పెట్టాలి. రండి, మంచం అట్టే పెట్టాను."

"తమ్ముడు వద్దని చెప్పాడట కదా."

"చెప్పాడు. కానీ ఇంట్లో ఎవరైనా పోతే గంటసేపు మంచం ఎవరికీ ఇవ్వొద్దని మా పెద్ద డాక్టరుగారు రాసి పెట్టారు. దుఃఖంలో వద్దంటారు, తరువాత ఎవరో నచ్చజెప్పి తీసుకొస్తారు. మామూలు ఆలస్యమైతే పదిహేను నిమిషాలేనమ్మా. బయట ముగ్గురు కాచుకుని ఉన్నారు." మాట్లాడుతూనే ఆమె చూపు వెనుక నిలబడ్డ మనిషిమీద పడింది. ఎప్పుడూ తమ్ముడే తీసుకొస్తాడు కాబట్టి ఆయన్ను ఎరగదు. "ఈయనెవరు?"

గుమాస్తా నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క కారణం కూడా తప్పుగా రాయని మనిషి.

"నా దగ్గర బండి నేర్చుకుంటున్నాడు" అంది భార్య.

"ఇవాళ కూడానా అమ్మా?"

"మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తాడు."

నాలుగు గంటలు ఆయన బయటి బెంచీమీద కూర్చున్నాడు. ఆవిడ రక్తం గొట్టాల్లో తిరుగుతుండటం అద్దంలోంచి కనిపిస్తోంది. మొహంలో కొంచెం కొంచెంగా రంగు వస్తోంది. చచ్చినందుకు దొరికిన మంచాన్ని బతికుండి అనుభవించడం న్యాయమేనా అని కాచుకున్న ముగ్గురినీ చూసి మథనపడ్డాడు. వాళ్ళకూ మధ్యాహ్నం మంచాలు దొరికాయని తెలిశాకే ఆ మథనం తగ్గింది. అయినా ఉండబట్టలేక నర్సు దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆ పోయినాయన నేనే" అని చెప్పేశాడు. నర్సు ఆయన్ను జాలిగా చూసి, కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "బాగా దగ్గరివాళ్ళు పోతే అలాగే అనిపిస్తుందండీ" అంది.

సాయంత్రం భార్యను ఇంట్లో పడుకోబెట్టాడు. విడత తప్పిన తరువాత మొదటిసారి తలగడ ఒక్కటే పెట్టుకుని పడుకుంది. ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని, వీధి దాటి, పది అడుగులూ నడిచి, దర్జీ గుమ్మం ముందు నిలబడ్డాడు. దర్జీ మిషను ఆపాడు.

"ఏం గుమాస్తా గారూ, చెల్లెమ్మ బాగుందా?"

"బాగుందండీ. నేను అందుకు రాలేదు." ఆయన చేతులు కట్టుకున్నాడు. "మీ అమ్మగారు పోయారు కదా. పలకరిద్దామని వచ్చాను."

దర్జీ కళ్ళజోడు తీసి మిషనుమీద పెట్టాడు.

"పెద్ద వయసే లెండి" అన్నాడు. "కానీ ఆ రోజు పొద్దున కూడా సూదిలో దారం తనే ఎక్కించి ఇచ్చింది."

"అవునా."

"కూర్చోండి, చెబుతాను" అని దర్జీ మూలనున్న కుర్చీని ముందుకు లాగాడు.

దాని నాలుగో కాలు కదులుతోందని గుమాస్తా చూశాడు. చూసి కూడా కూర్చున్నాడు.